మా వైపు నుంచి చెన్నపట్నం

చెన్నై గురించి రాసేవాళ్ళు చాలామంది సముద్రం దగ్గర మొదలుపెడతారు. ఓడలొచ్చాయి, తెల్లవాళ్ళు దిగారు, కోట కట్టారు, ఊరు పెరిగింది అంటారు. నేను చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతి కాగితాలు చూసుకునే మనిషిని. నాకు చెన్నై ఎప్పుడూ పడమటి నుంచే, రాణిపేట రోడ్డు మీద నుంచే కనిపించింది. ఆ పక్కనుంచి చూస్తే కథ వేరేగా ఉంటుంది. సముద్రం ఆ ఊరికి ఇచ్చింది తక్కువ, పెట్టిన బాధలు ఎక్కువ. ఊరిని నిలబెట్టింది వెనకున్న నేల. ఆ నేలలో మాదీ ఉంది. ఈ మాట వివరంగా రాయాలని చాన్నాళ్ళుగా అనుకుంటున్నా.

ముందు రేవు సంగతి చెప్తాను, ఎందుకంటే నా పని దానితోనే.

విశాఖపట్నానికి డాల్ఫిన్స్ నోస్ అనే కొండ అడ్డం ఉంది. బొంబాయికి లోపలికి చొచ్చుకొచ్చిన అఖాతం ఉంది. చెన్నైకి ఏమీ లేదు. తీరం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, అంతా ఇసక. కూవం, అడయారు రెండూ చిన్న ఏర్లు. వానలు లేనప్పుడు వాటి మొగలు ఇసకతో పూడిపోతాయి. అలాంటి చోట పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు. దగ్గర దగ్గర రెండున్నర శతాబ్దాల పాటు ఓడలు దూరంగా నడి సముద్రంలో లంగరు వేసి నిలబడితే, సరుకునీ మనుషుల్నీ మసూలా పడవల్లో ఒడ్డుకు చేర్చారు.

ఆ పడవ ఎలా చేసేవాళ్ళో తెలుసుకున్నప్పటి నుంచీ నాకు దాని మీద గౌరవం. అందులో ఒక్క మేకు ఉండదు. పలకల్ని పక్కపక్కన పెట్టి, అంచుల్లో బెజ్జాలు వేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టి బిగించిన పడవైతే అక్కడి అలల దెబ్బకు విరిగిపోతుంది. కుట్టిన పడవ అల తగిలినప్పుడు కొంచెం వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. గవర్నర్లయినా, దొరసానులయినా, గుడ్డల మూటలయినా, గుర్రాలయినా అందరూ ఆ కుట్టు పడవలోనే తడుస్తూ దిగారు. దాన్ని నడిపింది ఆ తీరం బెస్తవాళ్ళు. అంత పెద్ద ఈస్టిండియా కంపెనీ వ్యాపారం మొత్తం వాళ్ళ చేతుల మీదుగా నడిచింది. చెన్నై చరిత్ర అంటే కోట గోడలే చూపిస్తారు. నన్నడిగితే ముందు ఆ తాడు, ఆ చేతులు చూపించాలి.

1861లో సముద్రంలోకి ఒక ఇనప వంతెన వేశారు, ఓడలు దానికి ఆనుకుంటాయని. తుపాన్లకు అది ఎప్పుడూ దెబ్బ తింటూనే ఉండేది. 1875లో గట్టి రేవుకు శంకుస్థాపన జరిగింది. సముద్రంలోకి రెండు రాతి గోడలు కట్టి, వాటి మధ్య నీటిని శాంతంగా ఉంచాలని ఆలోచన. పని పూర్తి కావస్తుండగా 1881 నవంబరులో తుపాను వచ్చి ఆ గోడల్ని కూల్చేసింది. మళ్ళీ కట్టారు. అప్పుడు ఇసక పట్టుకుంది. ఆ తీరంలో ఏడాది మొత్తం లెక్క వేస్తే ఇసక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మడి కాలువకు అడ్డంగా బండ పెడితే ఎగువన మట్టి చేరి దిగువన గట్టు కోసుకుపోయినట్టే ఇక్కడా జరిగింది. గోడకు దక్షిణంగా ఇసక మేట వేసింది, ఉత్తరాన తీరం కరిగిపోయింది. తూర్పుకు తెరిచి ఉన్న రేవు వాకిట్లో ఇసక పేరుకోవడంతో 1904లో వచ్చిన ఫ్రాన్సిస్ స్ప్రింగ్ అనే ఇంజనీరు ఆ వాకిలి మూయించి, ఈశాన్యం వైపు కొత్తది పెట్టించాడు. రేవు నిలబడింది అప్పుడే.

మనవాళ్ళు చెన్నై వెళ్తే తప్పకుండా చూసే మెరీనా బీచ్ అంత వెడల్పుగా ఉండడానికి కారణం ఆ గోడే. దక్షిణాన ఆగిపోయిన ఇసకే మెరీనా. అటు రాయపురం, తిరువొత్తియూరు పక్కకు వెళ్ళి చూడండి, బీచ్ ఉండదు, సముద్రం కోసెయ్యకుండా వేసిన బండరాళ్ళ గుట్టలు ఉంటాయి. దక్షిణం వాళ్ళకు షికారు చోటు దొరికింది, ఉత్తరం బెస్తపాలేల వాళ్ళకు ఇళ్ళు పోయాయి. రెండూ ఒక గోడ పనే. కోట తూర్పు వాకిలి దగ్గర నిలబడినా ఇది తెలిసిపోతుంది. ఒకప్పుడు అలలు కోట గోడ కిందికే వచ్చేవి. ఇప్పుడు సముద్రం రోడ్డుకు అవతల ఎక్కడో ఉంటుంది.

ఇంత చెడ్డ చోట ఇంత పెద్ద ఊరు ఎందుకు పెట్టారు? జవాబు వెతికితే మా పక్కకే రావాలి.

ఇంగ్లీషు వాళ్ళు మచిలీపట్నంలో 1611లో దిగారు. 1626లో ఇంకొంచెం దక్షిణంగా దుగరాజపట్నంలో చిన్న కోట కట్టుకున్నారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అన్నారు. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు తిరుపతి జిల్లాలోకి వచ్చిన వాకాడు మండలంలో ఉంది ఆ ఊరు. మద్రాసుకు ముందు మద్రాసు కావాల్సింది అదే. అక్కడ వాళ్ళకు కావాల్సిన బట్ట సరిగ్గా దొరకలేదు. పులికాటులో డచ్చి వాళ్ళు, శాంతోమ్‌లో పోర్చుగీసు వాళ్ళు ముందే కూర్చున్నారు. ఆర్మగాన్‌లో ఉన్న కంపెనీ మనిషి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెతుక్కుంటూ వచ్చి మద్రాసపట్నం దగ్గర ఆగాడు. ఓడకు అది ఎంత చెడ్డ చోటైనా, చుట్టుపక్కల నేతగాళ్ళ ఊళ్ళున్నాయి, బట్ట చౌకగా దొరుకుతుంది. నేల చూసి ఎంచుకున్నాడు గానీ నీళ్ళు చూసి కాదు.

ఆ నేల ఇచ్చిన వాళ్ళు దామెర్ల వాళ్ళు, తెలుగు నాయకులు. వందవాసిలో దామెర్ల వేంకటాద్రి, పూందమల్లిలో తమ్ముడు అయ్యప్ప. వాళ్ళ నాయన చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. 1639 ఆగస్టు 22 తేదీని ఇప్పుడు మద్రాసు దినంగా జరుపుకుంటారు. మరుసటేడు ఏప్రిల్ 23, సెయింట్ జార్జి పండగ నాటికి కోటలో కొంత భాగం లేచింది, పేరు అదే పెట్టారు. దామెర్ల వాళ్ళ పైన ఉన్నది అరవీటి వంశపు రాయలు. విజయనగరం పడిపోయాక పెనుకొండ, ఆ తరువాత చంద్రగిరి, వేలూరు వాళ్ళకు రాజధానులయ్యాయి. 1645లో శ్రీరంగరాయలు ఇంగ్లీషు వాళ్ళ హక్కుల్ని మళ్ళీ ఖాయం చేశాడు.

చంద్రగిరిలో రాజమహల్ చూపించే ప్రతి ఒక్కరూ మద్రాసు రాసిచ్చింది ఈ మేడలోనే అంటారు. చరిత్రకారులందరూ దీన్ని ఒప్పుకోరు. రాయలు అప్పుడు వేలూరులో కూడా ఉండేవాడు కదా అంటారు. నాకు మేడ ముఖ్యం కాదు. ఆ కాలంలో సముద్రపు ఒడ్డున నేల కావాలంటే కొండల మీదికి వచ్చి అడగాల్సి వచ్చింది, అది ముఖ్యం. రాజమహల్ మూడో అంతస్తు నుంచి చూస్తే వెనక బండల కొండ, ముందు చెరువు, పొలాలు. ఆ పొలాల పన్ను మీద బతికిన రాజ్యం ఒకటి, అప్పటికే చితికిపోయి, డబ్బు కోసం గుర్రాల కోసం ఎదురుచూస్తూ, ఒడ్డున ఉన్న కాస్త ఇసక నేలను అప్పజెప్పింది. కొద్ది ఏళ్ళలోనే గోల్కొండ సేనలు వచ్చాయి, రాయల కథ ముగిసింది. ఇసక నేల మిగిలింది.

మా కంటైనర్లు కూడా ఆ పూందమల్లి మీదుగానే పోతాయి. మే నెలాఖరు నుంచి జూలై దాకా తోతాపురి కాయ ఫ్యాక్టరీకి వస్తుంది. మాగిన కాయను కడిగి, గుజ్జు తీసి, కాచి చల్లార్చి, గాలి చొరబడని సంచిలో నింపి, ఆ సంచిని ఇనప డ్రమ్ములో పెడతారు. డ్రమ్ముకు 215 కిలోలు. 20 అడుగుల కంటైనర్లో 80 డ్రమ్ములు పడతాయి, అంటే 17 టన్నుల పైమాటే. సీలు వేసి పంపితే రాణిపేట, కాంచీపురం పక్కగా, శ్రీపెరుంబుదూరు దాటి పూందమల్లి చేరుతుంది. రేవు అక్కణ్ణుంచి తూర్పుగా తిన్నగా ఉంటుంది. కానీ తిన్నగా పోలేదు. రేవుకు పడమట కోట, హైకోర్టు, జార్జిటౌను గోడలాగా నిలబడి ఉన్నాయి. ట్రైలరు ఊరి చుట్టూ తిరిగి మాధవరం, మణలి పక్కనుంచి ఎన్నూరు రోడ్డు పట్టుకుని ఉత్తరం దిక్కు నుంచి లోపలికి రావాలి. సీజనులో ఆ రోడ్డు మీద వరసగా నిలబడిన ట్రైలర్లు, వాటి కింద చాప వేసుకుని వండుకుంటున్న డ్రైవర్లు, ఓడ గేటు మూసే సమయం దగ్గర పడుతుంటే గంటకోసారి ఫోన్లు, ఇదంతా నా జూన్ నెల. ఊరు ముందు పుట్టి రేవు ఆ తరువాత పుడితే ఇలాగే ఉంటుంది. మదురవాయల్ నుంచి రేవుకు పైవంతెన వేస్తామని కూవం ఏట్లో దించిన స్తంభాలు ఏళ్ళ తరబడి ఊరికే నిలబడి ఉండేవి. ఇప్పుడు ఆ పని మళ్ళీ సాగుతోంది. అది పూర్తయితే మా పక్క లారీలకు చాలా మేలు.

1983లో దేశంలో ప్రత్యేకంగా కంటైనర్ల కోసం మొదటి టెర్మినల్ పెట్టింది చెన్నైలోనే. అప్పటిదాకా బొగ్గు, ముడి ఇనుము ఎక్కువ. వాటి దుమ్ము జార్జిటౌను ఇళ్ళ మీద పడుతోందని కోర్టుకెళ్తే, 2011లో ఆ రెండు సరుకులూ అక్కణ్ణుంచి మానేశారు. బొగ్గు ఎన్నూరుకు పోయింది. దాని సంగతి తరువాత చెప్తాను.

కాగితాల పని మీద వెళ్తే నేను దిగేది జార్జిటౌనులో. కస్టమ్స్ హౌస్ వెనక వీధుల పేర్లు చూడండి: ఎర్రబాలు శెట్టి వీధి, లింగి శెట్టి వీధి, తంబు శెట్టి వీధి. క్లియరింగ్ ఏజెంట్ల ఆఫీసులన్నీ అక్కడే. ఇరుకు మెట్లు, ఒక్కో అంతస్తులో నాలుగైదు బోర్డులు, లోపల ఫ్యాను గాలికి ఎగరకుండా పేపర్‌వెయిట్ కింద కాగితాలు. ఇప్పుడు షిప్పింగ్ బిల్లు అంతా కంప్యూటర్లోనే, వెళ్ళే అవసరం తగ్గిపోయింది. అయినా సీజను మొదట్లో ఒకసారి వెళ్ళి అందరికీ ముఖం చూపించి వస్తాను. ఒక ఆఫీసులో ముసలి గుమాస్తా ఒకాయన ఉన్నాడు. నన్ను చూడగానే “ఏమప్పా, కాయ దిగిందా?” అంటాడు. ఆయన ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. మా చిత్తూరులో సగం మందిమి అలాగే కాబట్టి మాకు ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండదు. ఒక మాట అటుదీ, ఒక మాట ఇటుదీ కలిపి మాట్లాడుకుంటూనే లెటరాఫ్ క్రెడిట్‌లో, అంటే కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ కాగితంలో, ఉన్న తప్పుల దాకా వెళ్తాం.

మొదట్నుంచీ ఆ వీధుల్లో తెలుగు ఉంది. కంపెనీ తరఫున నేతగాళ్ళతో బేరం చేసిన దుబాసీ బేరి తిమ్మన్న తెలుగువాడు. ఆయన పేరుతో ముడిపడిన చెన్నకేశవస్వామి గుడి మొదట ఇప్పుడు హైకోర్టు ఉన్న చోట ఉండేది. ఫ్రెంచి వాళ్ళతో యుద్ధాల కాలంలో, కోట ముందు ఖాళీ నేల కావాలని 1757లో ఆ గుడి పడగొట్టేశారు. ఆ తరువాత పూలబజారు పక్కన కొత్త స్థలమిస్తే చెన్నకేశవుడికీ చెన్న మల్లీశ్వరుడికీ జంట గుళ్ళు కట్టారు. 1734లో సుంకురామ అనే వర్తకుడి తోట ఉన్న చోట నేతగాళ్ళ కోసం చింతాద్రిపేట వెలిసింది. మగ్గం లేకపోతే కంపెనీ లేదు, కంపెనీ లేకపోతే రేవు లేదు.

ఆ చెన్నకేశవస్వామి గుడి నుంచే ఏటా మా తిరుపతికి గొడుగులు వస్తాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవకు ముందుగా చేరేటట్టు చెన్నైలో బయలుదేరి, యానైకవుని దాటి, విల్లివాక్కం, తిరువళ్ళూరు మీదుగా వస్తాయి. దారి పొడుగునా జనం వీధుల్లో ముగ్గులు వేసి ఎదురు చూస్తారు. తిరుచానూరులో అమ్మవారికి ఇవ్వాల్సినవి ఇచ్చి, తక్కినవి కొండెక్కిస్తారు. తిరుపతి వీధుల్లో ఆ గొడుగు పక్కనుంచి పోవడం చూశాను. నిటారుగా పట్టుకోవడమే పెద్ద పని. కాస్త గాలి వచ్చిందంటే మోసేవాడి మెడ నరాలు ఉబికి వస్తాయి, ఇంకొకడు పరిగెత్తుకుంటూ వచ్చి కాడ పట్టుకుంటాడు. బరువు మార్చుకునేటప్పుడు మాత్రం ఒక్క క్షణం కూడా గొడుగు కిందికి దించరు. ఒక రేవు పట్టణం, ఎక్కడెక్కడి నుంచో బతకడానికి వచ్చిన వాళ్ళతో నిండిన ఊరు, తన దేవుణ్ణి లోపలి కొండల మీద పెట్టుకుని ఇన్ని తరాలుగా నడిచి వస్తోంది. నాకు చెన్నై మీద ప్రేమ కలగడానికి ఇది చాలు.

రైలు సంగతి కూడా ఇంతే. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జూలై 1న రాయపురం నుంచి బయలుదేరి వాలాజా రోడ్డు దాకా వచ్చింది. ఒడ్డున మొదలై మా దిక్కుకే పరిగెత్తింది. ఆ తరువాత అరక్కోణం నుంచి ఒక కొమ్మ రేణిగుంట, కడప మీదుగా పోయి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. రాయపురం స్టేషన్ భవనం ఇంకా ఉంది. ఎత్తు స్తంభాలతో చూడ్డానికి బాగుంటుంది. వీలైతే దిగి చూడండి.

మా నాయన కాలంలో మామిడి ఓడెక్కేది కాదు. కొత్వాల్ చావడికి పోయేది. జార్జిటౌను నడుమ ఉండే ఆ పెద్ద కూరగాయల బజారు కన్యకాపరమేశ్వరి దేవస్థానం వాళ్ళది, అంటే తెలుగు కోమట్లది. గంపల్లో వరిగడ్డి పరిచి, కాయ పేర్చి, పైన మళ్ళీ గడ్డి వేసి గోనె కుట్టి, సాయంకాలం లారీకెత్తితే తెల్లారేలోపు చావడిలో దిగేది. రెండు రోజులకు అదే లారీ డ్రైవరు చేతికి పట్టీ వచ్చేది. సన్నగా పొడుగ్గా ఉండే కాగితం. పైన మండీ పేరు, కింద ఎన్ని గంపలు, గంప ఏ ధరకు పోయింది, అందులోంచి కమీషను, కూలి, లారీ బాడుగ, గుడి చందా, అన్నీ తీసేసి అడుగున మిగిలింది. అంతా తెలుగులో, గుండ్రటి చేతిరాతతో. నాయన దాన్ని మూడుసార్లు చదివి, ఏమీ అనకుండా గోడకున్న ఇనప కొక్కేనికి గుచ్చేవాడు. ధర బాగా వచ్చిన ఏడు మాత్రం గట్టిగా చదివేవాడు, అమ్మ వినాలని. కాయ ఎంత మాగింది, ఏ కోతలో పంపాం, ఆ రోజు చావడిలో సరుకు ఎంత దిగింది, వీటన్నిటి ఫలితం ఆ ఒక్క కాగితం. చెన్నపట్నం అంటే మా ఇంట్లో సముద్రం కాదు, ఆ కొక్కెం. 1996లో బజారును కోయంబేడుకు మార్చారు. ఇప్పటికీ మదనపల్లె టమాటా, మా పక్క కాయ అక్కడికి పోతూనే ఉన్నాయి. పట్టీ మాత్రం ఫోనుకు వస్తుంది.

ఇక అందరూ అడిగే మాట. మద్రాసు మనకు రావాల్సింది కదా?

1953 దాకా చిత్తూరు మద్రాసు రాష్ట్రంలోనే. దావా నెగ్గాలన్నా పెద్ద చదువు చదవాలన్నా అక్కడికే. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న నిరాహార దీక్ష మొదలుపెట్టి డిసెంబరు 15న కన్నుమూసింది మైలాపూరులో, బులుసు సాంబమూర్తి గారింట్లో. మరుసటేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు లేకుండా, కర్నూలు రాజధానిగా. 1960లో సరిహద్దు తగాదా మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం మా జిల్లాలోని తిరుత్తణి అటు పోయింది, చెంగల్పట్టు నుంచి సత్యవేడు ఇటు వచ్చింది. మా తాత తరం ఆ గాయాన్ని చివరిదాకా మోసింది. ఆ బాధను నేను తేలిగ్గా తీసుకోను.

కానీ నా అభిప్రాయం ఒకటుంది. గీత ఎక్కడ గీసినా కాయ ఆగలేదు, గొడుగులు ఆగలేదు, పెళ్ళిళ్ళు ఆగలేదు. “మద్రాసు మాది” అని ఇవాళ గొంతెత్తే కుర్రాళ్ళలో చాలామంది లింగి శెట్టి వీధిలో ఒక్కసారి కూడా నడవలేదు. అక్కడి వాళ్ళు రాసిన కొన్ని చరిత్రల్లో దామెర్ల వాళ్ళు, తిమ్మన్న ఒక్క వాక్యంలో ముగిసిపోతారు. నాకు కోపం తెప్పించేది రెండోది. హక్కు పోయిందని కాదు, ఉన్నది ఉన్నట్టు చెప్పకపోవడం మీద. టీ నగర్ పానగల్ పార్కులో మా చిత్తూరు నాగయ్య గారి విగ్రహం ఉంది. ఆ పార్కు పేరు పానగల్లు రాజాది, ఆ పేట పేరు పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. ముగ్గురూ తెలుగువాళ్ళే, ఊరేమో తమిళ ఊరు. ఈ రెండు మాటలూ నిజమేనని ఒప్పుకుంటే ఎవరికీ ఏ నష్టమూ లేదు.

నీళ్ళ గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు.

ఇంత పెద్ద ఊరికి తాగడానికి నిలకడైన నది లేదు. చెరువులున్నాయి: ఎర్రకొండల పుళల్, చోళవరం, చెంబరంబాక్కం, ఇంకా 1944లో కుశస్థలి మీద కట్టిన పూండి. ఈశాన్య రుతుపవనం తప్పితే అన్నీ ఎండిపోతాయి. 2019 ఎండాకాలం ఏం జరిగిందో అందరూ చూశారు, జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీళ్ళు తెచ్చారు. దీనికోసమే తెలుగుగంగ. 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ కృష్ణా వాటాలోంచి తలా 5 టీఎంసీలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. 1983లో ఎన్టీఆర్, ఎమ్జీఆర్ కాలువ ఒప్పందం చేసుకున్నారు. శ్రీశైలం నుంచి వెలుగోడు, సోమశిల, కండలేరు, అక్కణ్ణుంచి శ్రీకాళహస్తి, సత్యవేడు పక్కగా వచ్చే కాలువలో పూండికి. దారిలో ఆవిరి పోగా 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర అందాలి. మొదటిసారి నీళ్ళు 1996లో చేరాయి. కాలువ గట్లు కోసుకుపోయి నీళ్ళు సగం దారిలో ఇంకిపోతుంటే, సత్యసాయి బాబా ట్రస్టు డబ్బుతో లైనింగు చేశాక మెరుగయింది. తిరుపతి ఊరు కూడా ఆ తెలుగుగంగ నీళ్ళు తాగుతుంది. కండలేరు నీళ్ళు అటు చెన్నైకీ ఇటు తిరుపతికీ.

ఎవరూ ఒప్పందం చేసుకోకుండా పోయే నీళ్ళు కూడా ఉన్నాయి. కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం ప్రాజెక్టు, పిచ్చాటూరు దగ్గర అరణియార్. నవంబరులో వాయుగుండం పట్టి వీటి గేట్లు ఎత్తితే, కృష్ణాపురం నీళ్ళు నగరి ఏటి గుండా కుశస్థలిలో కలిసి పూండికి, పూండి నుంచి ఎన్నూరుకు పోతాయి. అరణియార్ పులికాటు దిక్కుకు పోతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులై పారిన రోజుల్లో పూండి గేట్లు కూడా తెరిచారు. ఇక్కడ మనం మా ఊరు మునిగిందని ఏడుస్తుంటే, కింద వాళ్ళు మా నీళ్ళు వస్తున్నాయని భయపడ్డారు.

ఎన్నూరు గురించి చివరికి చెప్తానన్నాను. కుశస్థలి సముద్రంలో కలిసేది అక్కడే. 2001లో బొగ్గు కోసం అక్కడ కొత్త రేవు పెట్టారు, పక్కన కాట్టుపల్లిలో ఇంకొకటి వచ్చింది. థర్మల్ కేంద్రాల బూడిద ఏళ్ళ తరబడి ఆ వాగులో చేరింది. అక్కడ ఇరుళర్ తెగ ఆడవాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో కూర్చుని చేత్తో తడిమి రొయ్యలు పడతారు. పట్టిన రొయ్యను నోటితో కరిచి పట్టుకున్న చిన్న బుట్టలో వేసుకుంటారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదలో నూనె కలిసి ఆ వాగంతా నల్లగా పరుచుకుంది, పడవలకు అంటుకుంది, మడ చెట్ల వేళ్ళకు అంటుకుంది. రేవు అభివృద్ధి మీద నా అన్నం ఆధారపడి ఉంది. అయినా చెప్తున్నాను, ఆ వాగును అలా వదిలేయడం అన్యాయం. మేం పంపే 80 డ్రమ్ముల కంటైనర్లు ఇప్పుడు కొన్ని కాట్టుపల్లి నుంచే ఓడెక్కుతున్నాయి. మా నగరి ఏరు, మా గుజ్జు రెండూ అక్కడికే చేరుతున్నాయి. అక్కడి బెస్తవాళ్ళు వాగు పూడిక తీయమని, బూడిద ఆపమని అడుగుతున్నప్పుడు మన పక్కనుంచి కూడా ఒక గొంతు ఉండాలి. ఎగువన ఉన్నవాళ్ళం కదా.

చివరగా ఒక పని. చిత్తూరు, బంగారుపాళ్యం, నగరి, పుత్తూరు పక్క ఇళ్ళల్లో కొత్వాల్ చావడి పాత పట్టీలు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. మా ఇంటి కొక్కెంలోవి నాయన పోయాక చెదలు తినేశాయి. పేరు, అప్పు లెక్క కనబడకుండా కప్పేయండి. నాకు కావాల్సింది సంవత్సరం, గంప ధర, లారీ బాడుగ, మండీ పేరు. అవి వరసగా పెడితే మా మామిడి చెన్నపట్నానికి ఎలా పోయిందో, ఏ ఏడు ఎంత తెచ్చిందో రాయొచ్చు. ఈ సీజను కంటైనర్ల పని అయిపోయాక, ఆగస్టులో ఆ పని మొదలుపెడతాను.